వైకింగులను కళ్లారా చూసిన బాగ్దాదు రాయబారి ఇబ్నె ఫజ్లాన్

సఫర్‌నామాల ప్రస్తావన వస్తే మన ఇళ్లలో ముందుగా వినిపించే పేరు ఇబ్నె బతూతా. హిందుస్తాన్ గురించి రాసిన అల్ బీరూనీ పేరు కూడా చాలామందికి తెలుసు. వీరిద్దరికంటే ముందే బాగ్దాదు నుంచి బయలుదేరి, మంచుదేశాలు దాటి ఓల్గా నది ఒడ్డుకు చేరుకున్న మరో యాత్రికుడున్నారు. ఆయన పేరు అహ్మద్ ఇబ్నె ఫజ్లాన్. ఐరోపాలో వైకింగుల చరిత్ర చదివే విద్యార్థులందరికీ ఈ పేరు సుపరిచితం. ఎందుకంటే ఆ జాతివారి రూపం, దుస్తులు, నగలు, రోజువారీ అలవాట్లు, అంత్యక్రియలు దగ్గరగా చూసి రాసిన తొలితరం సాక్షులలో ఆయన ముఖ్యులు. మన పిల్లలకు మాత్రం ఆయనెవరో తెలియదు. అందుకే ఈ వారం ఆ మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

ఇంతకీ వైకింగులంటే ఎవరు? నేటి నార్వే, స్వీడన్, డెన్మార్క్ దేశాల నుంచి సుమారు 8వ శతాబ్ది చివర మొదలుకొని 11వ శతాబ్ది వరకు ఓడలెక్కి దూరదేశాలకు వెళ్లినవారు. కొందరు దోపిడీకి వెళ్లారు, మరికొందరు వర్తకానికి వెళ్లారు. రెండూ చేసినవారూ ఉన్నారు. 844లో వారు ముస్లింల పాలనలోని స్పెయిన్‌కు వచ్చి ఇష్బీలియా నగరాన్ని కొల్లగొట్టారు. అమీర్ అబ్దుర్రహ్మాన్ సైన్యాలు వారిని ఓడించి వెళ్లగొట్టాయి. తూర్పు దిక్కున నదుల మీదుగా వచ్చినవారిని అరబ్బులు రూస్ అని పిలిచారు. వీరిలో ఎక్కువమంది మూలం స్వీడన్ ప్రాంతమేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇబ్నె ఫజ్లాన్ చూసింది వీరినే.

రాయబారం ఎందుకు వెళ్లింది?

ఇబ్నె ఫజ్లాన్ ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు మరణించారో చరిత్రలో ఎక్కడా నమోదు కాలేదు. ఆయన జీవితంలో మనకు వివరంగా తెలిసింది ఈ ఒక్క ప్రయాణమే. అదే ఆయన పేరును వెయ్యేళ్లకు పైగా నిలబెట్టింది.

అప్పుడు బాగ్దాదు సింహాసనం మీద అబ్బాసీ ఖలీఫా అల్ ముఖ్తదిర్ ఉన్నారు. ఓల్గా నదీతీరంలో, నేటి రష్యాలోని తతార్‌స్తాన్ ప్రాంతంలో, బుల్గార్ అనే రాజ్యం ఉండేది. దాని రాజు పేరు అల్మిష్. ఆయన ఖలీఫాకు ఒక ఉత్తరం పంపారు. తమకు దీన్ నేర్పే ఉలమాను పంపమని, మస్జిదు, మింబర్ కట్టించమని, ఖజర్ల రాజు బారినుంచి కాపాడుకోవడానికి కోట కట్టించమని ఆ ఉత్తరంలో విన్నవించుకున్నారు. ఖలీఫా అంగీకరించారు. హిజ్రీ 309 సఫర్ 11న, అంటే 921 జూన్ 21న, రాయబార బృందం బాగ్దాదు నుంచి బయలుదేరింది. బృందానికి నాయకుడు సూసన్ అర్రస్సీ. ఖలీఫా ఉత్తరం చదివి వినిపించడం, కానుకలు అప్పగించడం, వెంట వచ్చే ఫఖీహ్‌లను, ముఅల్లిమ్‌లను పర్యవేక్షించడం ఇబ్నె ఫజ్లాన్ బాధ్యత.

కోట నిర్మాణానికి 4,000 దీనార్లు మంజూరయ్యాయి. ఆ సొమ్ము బాగ్దాదు ఖజానా నుంచి రాలేదు. ఖ్వారిజం ప్రాంతంలో పదవి పోగొట్టుకున్న ఒక వజీరుకు చెందిన జాగీరు నుంచి వసూలు చేసుకోవాలని ఆదేశమిచ్చారు. ఆ జాగీరును చూసే గుమాస్తా కపటంతో అది చేతికి రాకుండా చేశాడు. చలికాలం ముంచుకొస్తోంది. ఆగితే దారులు మూసుకుపోతాయి. సొమ్ము లేకుండానే బృందం ముందుకు సాగింది. రాజు తప్పక డబ్బు అడుగుతాడని ఇబ్నె ఫజ్లాన్ తోటివారిని హెచ్చరించారు. వారు వినలేదు.

ఎముకలు కొరికే చలి

హమదాన్, రయ్, నైషాపూర్, మర్వ్, బుఖారాల మీదుగా బృందం ఖ్వారిజం చేరింది. జుర్జానియా పట్టణంలో చలికాలమంతా ఆగిపోవలసి వచ్చింది. జైహూన్ నది 17 జానల మందాన గడ్డకట్టింది. దాని మీద గుర్రాలు, గాడిదలు, బండ్లు రోడ్డు మీద నడిచినట్టే నడిచాయి. బజార్లలో మనిషి కనిపించడం లేదు. హమ్మామ్‌లో స్నానం చేసి ఇంటికి వచ్చేసరికి ఇబ్నె ఫజ్లాన్ గడ్డం ఒకే మంచుముద్ద అయిపోయేది. నిప్పు దగ్గర కూర్చుని దాన్ని కరిగించుకునేవారు. ఇంటి లోపల ఇల్లు, అందులో మళ్లీ తుర్కుల కంబళి గుడారం, దానిలో దుప్పట్లు, తోళ్లు కప్పుకుని పడుకున్నా ఒక్కోసారి చెంప దిండుకు అతుక్కుపోయేదట!

బయలుదేరేనాటి ఆయన వేషం చూడండి. మొదట కుర్తా. దానిమీద మన షేర్వానీలాగా ముందువైపు తెరుచుకునే ఖఫ్తాన్. దానిమీద గొర్రెతోలు పోస్తీన్. ఆపైన కంబళి అంగీ. కళ్లు తప్ప మరేమీ కనబడకుండా తలను కప్పే బుర్నూస్. కింద ఒక మామూలు షల్వార్, దానిమీద అస్తరు వేసిన మరో షల్వార్, మేజోళ్లు, తోలు బూట్లు, వాటిమీద ఇంకో జత బూట్లు. ఇన్ని బట్టల బరువుతో ఒంటె ఎక్కిన మనిషి కదలలేకపోయేవాడు. దుస్తులను ఇంత శ్రద్ధగా లెక్కపెట్టిన ఈ కన్నే తర్వాత రూస్ జాతివారి దుస్తులను కూడా లెక్కపెట్టింది.

ఇక్కడే మరో పరీక్ష ఎదురైంది. బాగ్దాదు నుంచి వెంట వచ్చిన ఫఖీహ్, ముఅల్లిమ్, సేవకులు ఆ దేశంలోకి అడుగుపెట్టడానికి భయపడి వెనుదిరిగారు. దీన్ నేర్పడానికే వెళ్తున్న బృందంలో నేర్పేవారే లేకుండా పోయారు! ఇబ్నె ఫజ్లాన్ వెనుదిరగలేదు. ఆ పని కూడా తానే భుజాన వేసుకున్నారు. తుర్కుల మైదానాలు, తోలు పడవల మీద ఎన్నో నదులు దాటి, 70 రోజుల ప్రయాణం తర్వాత హిజ్రీ 310 ముహర్రం 12న, అంటే 922 మే 12న, బుల్గార్ చేరుకున్నారు.

రాజు ముందు మాట రాని సమయం

రాజు ఎదురొచ్చి ఘనంగా స్వాగతం పలికారు. ఖలీఫా పంపిన అబ్బాసీల నల్లని ఖిల్అత్‌ను ఇబ్నె ఫజ్లాన్ బృందం రాజుకు తొడిగి, తలకు పగిడీ చుట్టింది. ఉత్తరం చదువుతున్నంతసేపు రాజు నిలబడే ఉన్నారు. రాణికి కూడా ఖిల్అత్ ఇచ్చారు.

కొద్ది రోజులకే రాజు డబ్బు సంగతి అడిగారు. ఉత్తరంలో రాసిన 4,000 దీనార్లు ఏవి? జవాబు లేదు. రాజు కోపానికి అంతులేదు. ఉత్తరం చదివింది ఇబ్నె ఫజ్లాన్ గనుక నిలదీసింది కూడా ఆయననే.

అంతకుముందు ఇఖామత్ విషయం ఒకటి వచ్చింది. అక్కడి ముఅజ్జిన్, మన మస్జిదుల్లో ఎక్కువచోట్ల వింటున్నట్టే, ఇఖామత్ పదాలను రెండేసి సార్లు పలికేవాడు. బాగ్దాదులోని పద్ధతి ప్రకారం ఒక్కొక్కసారే పలకాలని ఇబ్నె ఫజ్లాన్ చెప్పగా రాజు అలాగే మార్పించారు. డబ్బు రాలేదని తెలిశాక మళ్లీ రెండేసి సార్లే పలకమని ఆజ్ఞాపించారు. ఇబ్నె ఫజ్లాన్ అభ్యంతరం చెప్పారు. అప్పుడు రాజు ఆయనను కొన్ని ప్రశ్నలడిగారు. ఇఖామత్ రెండు విధాలా చెల్లుతుందా, చెల్లదా? చెల్లుతుందని ఇబ్నె ఫజ్లాన్ ఒప్పుకున్నారు. మరి శత్రువుల మధ్య చిక్కుకున్న బలహీనుల కోసం ఒక పాలకుడు సొమ్ము అప్పగిస్తే, దాన్ని చేర్చకుండా ద్రోహం చేసినవారి గురించి ఏమంటావు? అది హరామ్ అని జవాబిచ్చారు. అందులో ఉలమాకు భేదాభిప్రాయముందా? లేదన్నారు. అలాగైతే ఖలీఫా అన్నం తిని, ఖలీఫా ఇచ్చిన బట్ట కట్టి, ఆయన అప్పగించిన అమానత్‌ను చేర్చనివారి నుంచి దీన్ విషయాలు ఎలా స్వీకరిస్తానని రాజు అడిగారు. ఇబ్నె ఫజ్లాన్ నోట మాట రాలేదు.

ఆశ్చర్యమేమిటంటే, ఈ సంఘటనను తన సఫర్‌నామాలో రాసింది ఇబ్నె ఫజ్లానే! రాజు తమ నోరు మూయించాడని ఆయనే ఒప్పుకున్నారు. తనకు అవమానం కలిగిన ఘట్టాన్ని దాచుకోవడం ఎవరికైనా సులభం. ఆయన దాచలేదు. కాలక్రమంలో ఆయన నిజాయితీని గుర్తించిన ఆ రాజే మిగతావారిని దూరంపెట్టి ఈయనను దగ్గర తీశారు. అబూబకర్ సిద్దీఖ్ (రజి) పేరుతో ఆయనను పిలవసాగారు.

బుల్గార్‌లో మరో ముచ్చట. రాజు దర్జీ బాగ్దాదు మనిషే. ఒక సాయంత్రం మగ్రిబ్ తర్వాత ఇబ్నె ఫజ్లాన్ అతనితో గుడారంలో కూర్చుని, ఇషా అజాన్ కోసం చూస్తూ కబుర్లలో పడ్డారు. కాసేపటికే అజాన్ వినిపించింది. బయటికి వస్తే తెల్లవారిపోతోంది. అది ఫజ్ర్ అజాన్! ఉత్తరాన వేసవి రాత్రులు అంత చిన్నవి. ఫజ్ర్ తప్పిపోతుందన్న భయంతో నెలరోజులుగా రాత్రిపూట నిద్రపోలేదని అక్కడి ముఅజ్జిన్ చెప్పాడట.

రూస్ జాతివారి దుస్తులు, నగలు

అక్కడే ఓల్గా ఒడ్డున వర్తకం కోసం దిగిన రూస్ జాతివారిని ఇబ్నె ఫజ్లాన్ చూశారు. ఖర్జూరపు చెట్లలా నిటారుగా, పొడవుగా, ఎర్రని మేనిఛాయతో ఉన్న వారిని చూసి, అంత నిండైన శరీరాలు తానెన్నడూ చూడలేదని మెచ్చుకున్నారు. మగవారు కుర్తా, ఖఫ్తాన్ తొడగరు. ఒక పక్కను కప్పే దుప్పటి వంటి వస్త్రం వేసుకుని ఒక చేతిని బయటికి వదులుకుంటారు. ప్రతివాడి దగ్గర గొడ్డలి, కత్తి, చాకు ఎప్పుడూ ఉంటాయి. కాలిగోళ్ల నుంచి మెడదాకా ముదురాకుపచ్చ రంగులో చెట్ల బొమ్మలు, ఇతర బొమ్మలు ఉంటాయి.

స్త్రీలు రొమ్ము మీద ఒక డబ్బీ ధరిస్తారు. భర్త సంపదను బట్టి అది ఇనుముది, రాగిది, వెండిది, బంగారుది అవుతుంది. దానికున్న ఉంగరానికి ఒక చాకు వేలాడుతుంది. మెడలో వెండి, బంగారు కంటెలు. మగవాడికి 10,000 దిర్హముల ఆస్తి చేరితే భార్యకు ఒక కంటె చేయిస్తాడు, 20,000 అయితే రెండు. కంటెలు లెక్కపెడితే ఆ ఇంటి ఆస్తి తెలిసిపోతుంది! ఆకుపచ్చ గాజుపూసలంటే వారికి ప్రాణం. ఒక్కో పూసకు ఒక దిర్హమ్ ఇచ్చి కొంటారు.

ఈ మాటలు ఎంతవరకు నిజం? స్వీడన్‌లోని బిర్కా అనే చోట 19వ శతాబ్దిలో సుమారు 1,100 సమాధులు తవ్వారు. స్త్రీల సమాధుల్లో రొమ్ముకు రెండు పక్కలా కోడిగుడ్డు ఆకారపు లోహపు బిళ్లలు, వాటిమధ్య పూసల వరుసలు, వాటికి వేలాడే చాకులు, తాళంచెవులు దొరికాయి. ఇబ్నె ఫజ్లాన్ డబ్బీ అన్నది ఈ బిళ్లలనే అని చాలామంది పండితుల భావన. ఆ లోహపు తుప్పు అంటుకున్న చోట బట్ట కుళ్లిపోకుండా మిగిలింది. దాన్నిబట్టి ఆ స్త్రీలు లోపల నారబట్ట, పైన భుజాల పట్టీలతో ఉన్ని గౌను తొడిగేవారని తెలిసింది. ఇళ్లలో గొర్రెల ఉన్నిని కదురుతో వడికి, నిలువు మగ్గం మీద నేసేవారు. తూర్పుదేశాల పట్టు ముక్కలు కూడా అక్కడి సమాధుల్లో బయటపడ్డాయి. మగవారు పైవస్త్రాన్ని కుడిభుజం దగ్గర పిన్నుతో బిగించి, కత్తి పట్టే చేతిని ఖాళీగా ఉంచుకునేవారు. ఇబ్నె ఫజ్లాన్ చూసినదీ అదే. పిల్లల బొమ్మల పుస్తకాల్లో కనిపించే కొమ్ముల టోపీలు మాత్రం ఆయన రాతల్లో లేవు, వైకింగుల సమాధుల్లోనూ లేవు. అవి 19వ శతాబ్దపు నాటకాలవారి కల్పన.

శుభ్రత విషయం

అందాన్ని మెచ్చుకున్న ఆ కలమే వారి అపరిశుభ్రతను కఠినంగా నిందించింది. వారు మలమూత్రాల తర్వాత కడుక్కోరు, గుస్ల్ ఎరుగరు, తిన్నాక చేతులు కడగరు. ఉదయం దాసి ఒక పెద్ద పళ్లెంలో నీళ్లు తెస్తే ఒకడు ముఖం, చేతులు, జుట్టు కడుక్కుని, దువ్వుకుని, అందులోనే చీది, ఉమ్ముతాడు. ఆ పళ్లెమే పక్కవాడి దగ్గరికి వెళ్తుంది. రోజుకు ఐదుసార్లు వుజూ చేసే మనిషికి ఇది ఎంత అసహ్యంగా తోచి ఉంటుందో మనం ఊహించగలం.

అయితే ఇందులో మరో కోణముంది. వైకింగుల సమాధుల్లో కొమ్ముతో చేసిన దువ్వెనలు విరివిగా దొరికాయి. వారి భాషలో శనివారానికి స్నానవారం అనే అర్థమొచ్చే పేరుంది. ఇంగ్లండుకు వెళ్లినవారు రోజూ తల దువ్వుకుంటారని, ప్రతి శనివారం స్నానం చేస్తారని అక్కడి ఒక రచయిత తర్వాతి కాలంలో రాశాడు. ఇంగ్లండువారి కంటికి శుభ్రంగా కనిపించినవారు బాగ్దాదు ఫఖీహ్ కంటికి మురికిగా కనిపించారు. కొలబద్ద వేరు. వారు రోజూ తల దువ్వుకోవడాన్ని మాత్రం ఇబ్నె ఫజ్లాన్ కూడా దాచకుండా రాశారు.

ఇక్కడ మరొక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఆ స్త్రీల మెడల్లో మెరిసిన కంటెల వెండి ఎక్కడిది? చాలావరకు మన ముస్లిం రాజ్యాల దిర్హములే. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో 1999లో బయటపడిన ఒకే నిధిలో 14,000కు పైగా నాణేలున్నాయి. దాదాపు అన్నీ ఇస్లామీ నాణేలే. ఈ వెండి వారికి బొచ్చుతోళ్ల బదులు చేరింది, అమ్మిన మనుషుల బదులు కూడా చేరింది. ఓల్గా ఒడ్డున దాసీ పిల్లలను అమ్మినవారు రూస్ జాతివారైతే, ఆ బానిసలను కొన్నవారిలో మన బజార్ల వర్తకులూ ఉన్నారు. బానిసలను విడిపించడం గొప్ప పుణ్యమని బోధించే సమాజం మరచిపోకూడని విషయమిది.

ఓడ మీద దహనం

వారి పెద్ద ఒకడు చనిపోయినప్పుడు ఇబ్నె ఫజ్లాన్ దగ్గరుండి చూశారు. శవాన్ని పది రోజులు మట్టిలో దాచి, ఈలోగా కొత్త బట్టలు కుట్టించారు. ధనవంతుడైతే సొమ్ములో ఒక వంతు కుటుంబానికి, ఒక వంతు ఈ బట్టలకు, ఒక వంతు తాగుడుకు! బతికినప్పుడు తొడగని ఖఫ్తాన్‌ను, అదీ బంగారు బొత్తాలున్న జరీపట్టుది, చనిపోయాక తొడిగారు. జరీ టోపీ పెట్టి, ఓడలో కూర్చోబెట్టి, అతనితోపాటు ఒక దాసీ పిల్లను కూడా చంపి నిప్పంటించారు. ఇంటిల్లిపాదీ చదివే ఈ పేజీలో ఆ వివరాలన్నీ రాయడం మాకు ఇష్టం లేదు. ఓడ కాలిన చోట మట్టిదిబ్బ పోసి, మధ్యలో కర్ర పాతి, దాని మీద చనిపోయినవాడి పేరు, రాజు పేరు రాశారు.

అప్పుడు పక్కనే ఉన్న ఒక రూస్ మనిషి దుబాసీతో ఏదో అన్నాడు. ఏమన్నాడని ఇబ్నె ఫజ్లాన్ అడిగారు. అరబ్బులు మూర్ఖులట, ఎంతో ప్రేమించినవారిని మట్టిలో పూడ్చి పురుగుల పాలు చేస్తారట, తామైతే క్షణంలో కాల్చి స్వర్గానికి పంపుతామని అతనన్నాడు. ఖననం మన దీన్‌లో భాగం. దాన్ని ఎగతాళి చేసిన మాటను కూడా ఇబ్నె ఫజ్లాన్ ఉన్నదున్నట్టు రాశారు. కోపంతో కొట్టివేయలేదు, ఒక్క మాటతో ఖండించనూ లేదు. ఎదుటివాడు మనల్ని ఎలా చూస్తున్నాడో కూడా సాక్ష్యంలో భాగమేనని ఆయన గ్రహించి ఉంటారు.

గ్రంథం తిరిగి దొరికిన వైనం

ఇబ్నె ఫజ్లాన్ రచనలోని భాగాలను 13వ శతాబ్దిలో యాఖూత్ తన భౌగోళిక నిఘంటువులో చేర్చారు. చాలాకాలం లోకానికి అవే ఆధారం. 1923లో ఇరాన్‌లోని మష్‌హద్ గ్రంథాలయంలో జకీ వలీదీ తోగాన్ అనే విద్వాంసుడు విపులమైన చేతిరాత ప్రతిని కనుగొన్నారు. 1939లో అది అచ్చయింది. తోగాన్ బష్కీర్ జాతివారు. ఇబ్నె ఫజ్లాన్ దారిలో చూసి చాలా కఠినంగా రాసిన జాతులలో బష్కీర్లు ఒకరు. వెయ్యేళ్ల తర్వాత ఆ జాతి బిడ్డే ఆయన గ్రంథాన్ని వెలుగులోకి తేవడం అల్లాహ్ మహిమ కాక మరేమిటి?

ఆ ప్రతి చివరి పుటలు లేకుండానే ముగిసిపోతుంది. అందుకే ఆయన తిరుగు ప్రయాణం వివరాలు మనకు అందలేదు. 1976లో ఒక అమెరికన్ రచయిత ఆయనను కథానాయకుడిగా చేసి నవల రాశాడు. 1999లో అది సినిమాగా కూడా వచ్చింది. అందులో ఆయన వైకింగులతో కలిసి యుద్ధాలు చేస్తాడు. అది కేవలం కల్పన. అసలు ఇబ్నె ఫజ్లాన్ చేతిలో కత్తి లేదు, కలం ఉంది. తతార్‌స్తాన్ ముస్లింలు ఆయన బృందం రాకను ఇప్పటికీ తలచుకుంటారు. 2022లో ఆ ఘట్టానికి 1,100 ఏళ్లు నిండిన ఉత్సవాలు జరుపుకున్నారు.

ఈ జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి? అమానత్ అంటే డబ్బు ఒక్కటే కాదు. చూసినది చూసినట్టు చెప్పడం కూడా అమానత్. ఇష్టంలేని జాతిలోనూ అందముంటే అందమనడం, తన బృందంలో లోపముంటే లోపమనడం, తనను ఎగతాళి చేసిన మాటను కూడా మార్చకుండా చేరవేయడం అందరికీ సాధ్యం కాదు. నేడు మన పొరుగువారి గురించి మనం, మన గురించి వారు, చూడకుండానే ఎన్నో మాటలు అనుకుంటున్నాము. విన్న మాటను చూసినట్టు చెప్పుకుంటున్నాము. బుల్గార్ రాజుకు అందవలసిన దీనార్లు దారిలోనే ఆగిపోయాయి. ఇబ్నె ఫజ్లాన్ సాక్ష్యం మాత్రం పదకొండు వందల ఏళ్లు దాటి భద్రంగా మన చేతికందింది. అటువంటి సత్యసంధతను అల్లాహ్ మనకు, మన పిల్లలకు ప్రసాదించుగాక!